చలికాలానికి ఈతకొలను మూసే ముందు

కొరాపుట్, సెమిలిగుడ వైపు డిసెంబరు రాత్రులు వణికిస్తాయి గానీ, కొలను నీళ్లు గడ్డకట్టేంత చలి ఉండదు. విదేశీ వీడియోలు చూసి పైపుల్లో యాంటీఫ్రీజ్ (నీళ్లు గడ్డకట్టకుండా ఆపే ద్రవం) పోయాలని టెన్షన్ పడక్కర్లేదు. మనకు బెడద పాచి, దోమలే.

• నీళ్లన్నీ తోడేయొద్దు. వానలు తగ్గినా నేలలో ఊట ఉంటే, ఆ ఒత్తిడికి ఖాళీ కొలను పగలొచ్చు, పైకి లేవనూ వచ్చు.

• ఆకులు, అడుగు బురద తీసి గోడలు రుద్దండి. నీళ్ల పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) 7.2–7.6 మధ్య ఉండాలి.

• క్లోరిన్ సాయంత్రమే వేయండి, ఎండకు త్వరగా విరిగిపోతుంది. బకెట్ నీళ్లలో పొడి వేయాలి, పొడి మీద నీళ్లు పోయకూడదు. యాసిడ్ వాడిన మగ్గు, బకెట్ అసలు ముట్టుకోవద్దు. క్లోరిన్, యాసిడ్ కలిస్తే విషవాయువు వస్తుంది. గ్లవ్స్, కళ్లజోడు తప్పనిసరి, పనివాళ్లకు కూడా.

• క్లోరిన్ ఘాటు తగ్గాకే కవర్ వేయండి, లేదంటే అదే పాడవుతుంది.

• పంపు విప్పేముందు మెయిన్ స్విచ్ ఆపండి.

• వదులుగా పరిచిన టార్పాలిన్ నా దృష్టిలో తెరిచిన కొలను కన్నా ప్రమాదం. నేలనుకుని పిల్లలు, మేకలు కాలు పెడతాయి. అంచులు బిగించి కట్టండి, చుట్టూ కంచె ఉంచండి. కవర్ మీద నిలిచిన నీళ్లు వారానికోసారైనా తోడేయాలి. అసలే మలేరియా ప్రాంతం మనది.