ఎండకు ముఖం కప్పండి, రాత్రికి అరికాలు చూడండి

యాసంగి కోతలు, కల్లంలో వడ్లు ఆరబోయడం, ఉపాధి హామీ మట్టి పని, నల్లగొండ బత్తాయి తోటలు. పాలమూరైనా నల్లగొండైనా వేసవి పనులన్నీ ఎండలోనే. వడదెబ్బ సంగతి అందరికీ తెలుసు. చర్మాన్ని పాడుచేసేది మాత్రం వేడి కాదు, అతినీలలోహిత కిరణాలు. పల్చటి మబ్బు పట్టినా అవి తగులుతూనే ఉంటాయి. మీ నీడ మీకన్నా పొట్టిగా ఉందంటే అవి జోరు మీదున్నట్టే. పొద్దున 10 నుంచి 4 దాకా వీలైనంత నీడపట్టున ఉండండి.

చొక్కాను వెలుతురుకు ఎత్తి పట్టండి. అవతలి వెలుగు కనిపిస్తే కిరణాలూ దూరతాయి. తెల్ల నూలుబట్ట తడిస్తే ఇంకా ఎక్కువ దూరతాయి, అందుకే తడి తువ్వాలను రెండు మడతలు వేయండి. తలపాగా ఒక్కటే చుడితే చెవులు, మెడ వెనక భాగం, కింది పెదవి బయటే ఉంటాయి. కొంగు చెవుల మీదుగా మెడ మీదికి జారాలి. సిమెంటు కల్లం మీద ఎండ కిందినుంచి కూడా కొడుతుంది.

సన్‌స్క్రీన్ (ఎండ నుంచి కాచే క్రీమ్) ట్యూబు మీద ఉండే ఎస్‌పీఎఫ్ అంకె 30కి తగ్గకూడదు. ముఖానికి, మెడకు కలిపి రెండు వేళ్ల పొడవునా పిండినంత కావాలి. బయటికెళ్లే 20 నిమిషాల ముందు రాసి, రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. బొల్లి మచ్చలున్నవారు దీన్ని అసలు మానొద్దు.

మన చామనఛాయే కొంత కాపు, అందుకే చర్మ క్యాన్సర్ ఇక్కడ తక్కువ. కానీ మనవాళ్లకు వచ్చే నల్లమచ్చ క్యాన్సర్ ఎక్కువగా ఎండ తగలని అరికాల్లో, అరచేతిలో, గోరు కింద పుడుతుంది. దాన్ని తువ్వాల ఆపదు, కన్నే పట్టుకోవాలి. మడమ మీద నల్ల మరక కనిపిస్తే ముల్లు గుచ్చిందనుకుని వదిలేస్తారు, ఆలస్యమయ్యేది అక్కడే. గోరు కింద దెబ్బకు గడ్డకట్టిన రక్తం గోరుతో పాటు మెల్లగా ముందుకు జరుగుతుంది. క్యాన్సర్ గీత అక్కడే ఉండి వెడల్పవుతుంది, గోరు మొదట్లో చర్మానికి కూడా నలుపు పాకుతుంది. చాలా గోళ్లకు సన్న గీతలుండటం మామూలే. ఒక్క గోటికే కొత్తగా వస్తే చూపించాలి.

పాత కాలిన మచ్చలో పుండు లేచి అంచులు గట్టిపడినా, ముక్కు పక్కన మెరిసే బొడిపె మానినట్టే మాని మళ్లీ రక్తం కారినా, పుట్టుమచ్చ అంచులు వంకరపోయి రంగులు మారినా అంతే, చూపించాలి. నాలుగు వారాల్లో మానని పుండుకు చర్మ డాక్టరు కావాలి. వెంట్రుక కట్టడం, సున్నం పెట్టి కాల్చడం వద్దు, పరీక్షకు అసలు ముక్కే మిగలదు. పరీక్షకు డాక్టరు ముక్క తీస్తే రోగం పాకుతుందన్నది తప్పు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో చూపించండి. క్యాన్సరని తేలితే హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

నెలకోసారి రాత్రి కాళ్లు కడిగాక ఫోన్ లైటు వేసి అరికాళ్లు, వేళ్ల సందులు ఇంట్లోవాళ్లతో చూపించుకోండి. మచ్చ ఉంటే పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోటో తీయండి, పెరిగిందో లేదో డాక్టరుకు తెలుస్తుంది.