రక్తపరీక్షకు ముందు మాత్రల లెక్క చూసుకోవడం ఎలా?

రక్తపరీక్షకు పరగడుపున రావాలా, తిని రావాలా అని అడగనివారు ఉండరు గానీ, రోజూ వేసుకునే మాత్రల మాట ఎత్తేవారు అరుదు. ల్యాబ్‌లో రక్తం తీసేవారు కూడా పేరు, వయసు రాసుకుని చెయ్యి చాపమంటారే తప్ప ఆ సంగతి సాధారణంగా అడగరు. కాబట్టి ఆ లెక్క మనమే పట్టుకెళ్లాలి.

మందు వల్ల రిపోర్టు మారడం రెండు రకాలు. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ వాడేవారికి చక్కెర, ముఖ్యంగా మధ్యాహ్న భోజనం తరువాత, నిజంగానే పెరుగుతుంది. బీపీకి హైడ్రోక్లోరోథయజైడ్ వేసుకునేవారికి యూరిక్ యాసిడ్ పెరిగి సోడియం తగ్గవచ్చు. ఇక్కడ అంకె తప్పు కాదు, దానికి కారణం మందు. రెండో రకంలో శరీరంలో ఏ మార్పూ ఉండదు, పరీక్షే దారి తప్పుతుంది. లేని జబ్బుకు మందు మొదలయ్యే అవకాశం ఉన్నందున నాకు ఇదే ఎక్కువ భయం.

దీనికి మంచి ఉదాహరణ జుట్టు రాలకుండా వేసుకునే బయోటిన్. పెద్దలకు రోజుకు 30 మైక్రోగ్రాములు సరిపోయే ఈ విటమిన్ ఒక్కో బిళ్లలో 10 మిల్లీగ్రాములు, అంటే 10,000 మైక్రోగ్రాములు ఉండవచ్చు. కొన్ని యంత్రాలు హార్మోన్లను కొలవడానికి, బయోటిన్‌ను గట్టిగా పట్టుకునే స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్‌ను వాడతాయి. రక్తంలో బయోటిన్ నిండుగా ఉంటే, పరీక్ష పదార్థం అతుక్కోవలసిన ఆ ప్రోటీన్ మీది చోటును అదే ఆక్రమిస్తుంది. ఫలితంగా థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్) తక్కువగానూ, ఫ్రీ టీ4 (థైరాయిడ్ విడుదల చేసే హార్మోన్) ఎక్కువగానూ కనబడి, ఆరోగ్యంగా ఉన్న మనిషి రిపోర్టు కూడా అచ్చం హైపర్‌థైరాయిడ్ (థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బు) రోగి రిపోర్టులా ఉంటుంది. గుండెపోటును పట్టిచ్చే ట్రోపోనిన్ కూడా ఇలాగే తగ్గి కనబడవచ్చని, అధిక మోతాదులో బయోటిన్ వాడుతున్న ఒక రోగి అలాంటి ఫలితం తరువాత మరణించినట్టు సమాచారం అందిందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. థైరాయిడ్ పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపాలి. మోతాదు బాగా ఎక్కువైతే ఇంకా ముందే ఆపవలసి రావచ్చు. ఛాతీ నొప్పితో వెళ్లినప్పుడు మాత్రం ఆగే వ్యవధి ఉండదు కనుక, బయోటిన్ వాడుతున్నామని వెంటనే డాక్టరుకు చెప్పాలి.

థైరాయిడ్ తక్కువగా పనిచేసేవారు వేసుకునే థైరాక్సిన్ విషయంలో వేళ ముఖ్యం. మాత్ర వేసుకున్న తరువాత కొన్ని గంటలపాటు ఫ్రీ టీ4 పెరిగి ఉంటుంది కనుక, ఆ పరీక్ష ఉన్న రోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోవడం మేలు. బైపోలార్ అనే మానసిక జబ్బుకు వాడే లిథియం స్థాయిని చివరి మోతాదుకు 12 గంటల తరువాత చూస్తారు. ఇన్ఫెక్షన్లకు వాడే కోట్రైమోక్సజోల్‌లోని ట్రైమెథోప్రిమ్ మూత్రపిండాలకు హాని చేయకుండానే, వాటి పనితీరు చెప్పే క్రియాటినిన్‌ను పెంచగలదు. కుష్ఠువ్యాధికి వాడే డాప్సోన్ ఎర్రకణాల ఆయుష్షును తగ్గించడం వల్ల మూడు నెలల చక్కెర పరీక్ష, అంటే హెచ్‌బీఏ1సీ, ఉన్నదానికంటే తక్కువ చూపుతుంది.

ఇదంతా చదివి బీపీ, మూర్ఛ, స్టెరాయిడ్ మందులనో, రక్తం పలుచబరిచే మందులనో సొంతంగా ఆపకూడదు. ఏది ఆపాలో, ఎన్నాళ్లు ఆపాలో పరీక్ష రాసిన డాక్టరునే అడగాలి. పరగడుపు పరీక్ష రోజు చక్కెర మాత్రలను, ఇన్సులిన్‌ను ఎప్పుడు తీసుకోవాలో కూడా ముందే కనుక్కోవాలి.

ముందు రాత్రే ఒక చీటీ మీద మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, చివరిసారి ఏ రోజు ఎన్ని గంటలకు వేసుకున్నారు అన్న మూడు సంగతులూ రాసుకోవాలి. విటమిన్ బిళ్లలు, చూర్ణాలు, ప్రోటీన్ పొడి కూడా అందులో చేర్చాలి, ఎందుకంటే చాలామంది వీటిని మందుల కింద లెక్కించరు. పేరు పలకడం కష్టమైతే మాత్రల షీటునే ఫొటో తీసుకోవచ్చు, అయితే పేరున్న వైపు చింపేయకుండా ఉంచుకోవాలి. రిపోర్టు మీ ఒంటి తీరుకు పొంతన లేకుండా వస్తే, చికిత్స మొదలుపెట్టే ముందు ఆ చీటీని డాక్టరుకు చూపించి, పరీక్ష మళ్లీ చేయించాలేమో అడగండి.