మైక్రోటోమ్‌లో బ్లాకును, బ్లేడును సరిచేసే విధానం
మైక్రోటోమ్ (కణజాలాన్ని అతి పలుచని పొరలుగా కోసే యంత్రం) చేతిచక్రానికి లాకు వేశాకే, ముందుగా పారాఫిన్ బ్లాకును (మైనంలో పొదిగిన కణజాలపు దిమ్మెను), ఆపైన బ్లేడును బిగించాలి. ఈ వరుస వేళ్లను కాపాడుతుంది కనుక ఎంత తొందరలోనూ మార్చకూడదు. బ్లాకు ముఖం నిలువుగానూ అడ్డంగానూ బ్లేడు అంచుకు సమాంతరమయ్యేవరకు హోల్డరు మరలను కొద్దికొద్దిగా తిప్పాలి. పాత బ్లాకును మళ్లీ కోసేటప్పుడు ఈ పని మరింత ముఖ్యం: ముఖం ఏ కాస్త వాలినా, పూర్తి సెక్షను (కోసిన పలుచని పొర) వచ్చేలోపే చిన్న బయాప్సీలోని కణజాలం వృథా అవుతుంది, ఆ నష్టాన్ని పూడ్చలేము. బ్లేడు వాలుకోణాన్ని తయారీదారు సూచించిన విలువ వద్ద ఉంచాలి. సెక్షన్లు ఒకటి మందంగా, ఒకటి పలుచగా వస్తుంటే మొదట బిగింపులన్నీ పరీక్షించి, అవి సరిగా ఉన్నాయని తేలాకే కోణాన్ని స్వల్పంగా పెంచి చూడాలి. ఆపై బ్లాకును చల్లబరచి, సాధారణంగా 3 నుంచి 5 మైక్రాన్ల మందంతో, చక్రాన్ని ఒకే వేగంతో నెమ్మదిగా తిప్పుతూ కోయాలి.