పెంపుడు జంతువులకు నీళ్లు పెట్టే పాత సీసాలతో జాగ్రత్త

రోహిణి కార్తె ఎండల్లో ఒంగోలు, కావలి, నెల్లూరు వీధుల్లో ఖాళీ మంచినీళ్ల సీసాను కోసి, అందులో కుక్కలకూ పిల్లులకూ నీళ్లు పోసి గోడ పక్కన పెట్టేవారు కనిపిస్తుంటారు. ఆ దయ మెచ్చదగినదే గాని, సీసా విషయంలో కొంత జాగ్రత్త అవసరం.

సీసా అడుగున త్రికోణంలో 1 అంకె ఉంటే అది పెట్ (PET) అనే రకం ప్లాస్టిక్. శుభ్రంగా ఉన్న సీసాను కొద్దిసార్లు మళ్లీ వాడితే భయపడనక్కరలేదు. అయితే దాని తయారీలో వాడే ఆంటిమొనీ అనే రసాయన మూలకం, వేడీ నిల్వకాలమూ పెరిగేకొద్దీ నీటిలోకి ఎక్కువగా దిగుతుంది కాబట్టి, 40 డిగ్రీలు దాటే ఎండలో మూసిన కారులో రోజుల తరబడి ఉండిపోయిన నీటిని జంతువులకు పోయకపోవడం మంచిది. నిజానికి అంతకంటే దగ్గరి ప్రమాదం లోపల పట్టే జిగట. గీతలు పడిన గోడలపై సూక్ష్మజీవులు పొరగా పేరుకుంటాయి. సన్నని మూతిలోంచి బ్రష్ సరిగా తిరగదు, మరిగే నీళ్లు పోద్దామంటే సీసాయే ముడుచుకుపోతుంది. లోపల జారుడుగా తగిలితే దానిని పారవేయడమే మేలు.

కోసిన అంచు నాలుకను గీస్తుంది. కుక్కపిల్లలు కొరికి మింగిన ముక్కలు పేగులకు అడ్డుపడవచ్చు. పురుగుమందు డబ్బాలను మాత్రం ఎన్నిసార్లు కడిగినా వాడరాదు. మిరప, పొగాకు పండించే మన పల్లెల్లో ఇది మరీ ముఖ్యం.

సీసాను నీళ్లు మోసుకెళ్లడానికే ఉంచుకొని, తాగడానికి స్టీలు గిన్నెనో మట్టి మూకుడునో నీడలో పెట్టి, రోజుకు రెండుసార్లు నీళ్లు మార్చండి. మూకుడుకు పాచి త్వరగా పడుతుంది కనుక దానిని కొబ్బరి పీచుతో రోజూ రుద్దాలి.