రామానుజన్ పట్టికలో తప్పిపోయిన సంఖ్య: దాని కారణాంకాలను చేత్తో లెక్కపెట్టడం ఎలా?

తనకన్నా చిన్న సంఖ్య దేనికీ లేనన్ని కారణాంకాలున్న సంఖ్యలు కొన్ని ఉంటాయి: 2, 4, 6, 12, 24, 36, 48, 60, 120... వీటి మీద శ్రీనివాస రామానుజన్ రాసిన పెద్ద వ్యాసం 1915లో లండన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. అందులోని పట్టిక లక్షల కోట్ల దాకా సాగుతుంది. కానీ మధ్యలో ఒక సంఖ్య తప్పిపోయింది: 293318625600. అంటే 29,331 కోట్ల 86 లక్షల 25 వేల 600. దీన్ని విడదీయడానికి కాగితం, పెన్ను చాలు.

ముందు చివరి రెండు సున్నాలు తీసేయండి. 100 అంటే రెండు 2లు, రెండు 5లు. వాటిని పక్కన రాసుకోండి. మిగిలిన 2933186256 చివర 6 ఉంది కాబట్టి 5 పని అయిపోయింది.

ఇప్పుడు సగం చేస్తూ పోండి: 1466593128, 733296564, 366648282, 183324141. బేసి సంఖ్య వచ్చింది, ఆగండి. నాలుగుసార్లు సగం చేశాం, ముందువి రెండు. మొత్తం ఆరు 2లు.

183324141 అంకెలు కూడితే 27. కాబట్టి 9తో పోతుంది: 20369349. దీని అంకెల మొత్తం 36, మళ్లీ 9తో భాగిస్తే 2263261. ఈసారి మొత్తం 22, ఇక 3తో పోదు. రెండు తొమ్మిదులంటే నాలుగు 3లు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మెట్టు ఇదే. 2263261ని 7తో భాగించండి. 323323 వస్తుంది! ఒకే మూడంకెలు రెండుసార్లు పక్కపక్కన ఉన్నాయంటే అది 323 × 1001. 1001 అంటే 7 × 11 × 13. 323 అంటే 17 × 19. ముడి మొత్తం ఒక్కసారిగా విడిపోయింది.

చివరికి చేతిలో ఉన్నవి: 2లు ఆరు, 3లు నాలుగు, 5లు రెండు, 7లు రెండు, 11, 13, 17, 19 ఒక్కొక్కటి. ఒక కారణాంకంలో 2 అసలు లేకపోవచ్చు, లేదా ఒకటి నుంచి ఆరు దాకా ఉండొచ్చు, అంటే 7 దారులు. మిగతావీ అంతే, ప్రతి లెక్కకూ ఒకటి కలపాలి: 7 × 5 × 3 × 3 × 2 × 2 × 2 × 2 = 5040. ఆ 5040 కూడా ఇదే జాతి సంఖ్య. దానికి 60 కారణాంకాలున్నాయి.

ఇంతకన్నా చిన్న సంఖ్యకు ఇన్ని ఎందుకు రావో ఒకసారి తడిమి చూడండి. ఒక 7 తీసేసి, దాని బదులు ఒక 2, ఒక 3 పెట్టండి. 7 పోయి 6 వచ్చింది కాబట్టి సంఖ్య తగ్గింది. కారణాంకాలు 8 × 6 × 3 × 2 × 2 × 2 × 2 × 2 = 4608కి పడిపోయాయి. ఇది రుజువు కాదు, కానీ ఇలాంటి మార్పులు నాలుగైదు మీరే చేస్తే ఈ సంఖ్య ఎంత పొందికగా కుదిరిందో అర్థమవుతుంది. ఈ జాతి సంఖ్యల్లో ప్రధాన సంఖ్యలు వరసగా ఉంటాయని, ఘాతాలు ముందుకు పోయేకొద్దీ పెరగవని రామానుజన్ రుజువు చేశారు. ఇక్కడ ఘాతాలు 6, 4, 2, 2, 1, 1, 1, 1.

ఆ పట్టికలో చివరి సంఖ్య 6746328388800. అది మన సంఖ్యకు సరిగ్గా 23 రెట్లు. 23 కొత్త ప్రధాన సంఖ్య కాబట్టి కారణాంకాలు రెట్టింపై 10080 అవుతాయి.