వార్డులో రోగి హక్కులు – 4వ పాఠం: వేలిముద్రకు ముందు

పరీక్షకు ముందు మంచం చుట్టూ తెర లాగడం గత పాఠంలో సాధన చేశాం. తెర వేయడం మరచిపోయిన సందర్భాలు రాసిన పుస్తకాన్ని దాచి ఉంచండి, ఆరో పాఠంలో మళ్లీ తీద్దాం.

ఈ వారం పాఠం అంగీకారం. మన వార్డుల్లో దీన్ని "సంతకం తీసుకోవడం" అంటాం. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు అచ్చంగా అదే చేశాను. ఏటూరునాగారం వైపు నుంచి వచ్చిన ఒక కోయ పెద్దమ్మకు మర్నాడు గర్భసంచి ఆపరేషన్. స్టాంపు ప్యాడ్ మీద ఆమె బొటనవేలు నేనే పట్టుకుని ఒత్తి, కాగితం మీద వేయించాను. వేలు తుడుచుకుంటూ మనవడితో ఏదో అంది. "పింఛను ఎప్పుడొస్తుందని అడుగుతోంది" అన్నాడు వాడు. ఆ కాగితం కేస్ షీట్‌లో భద్రంగానే ఉంది!

సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లో ఇచ్చిన తీర్పు ప్రతి నర్సుకూ తెలియాలి. ఆమె ఒప్పుకున్నది లాపరోస్కోపీ పరీక్షకు, అంటే చిన్న రంధ్రం గుండా కెమెరా గొట్టం పంపి కడుపు లోపల చూడడానికి. మత్తులో ఉండగా తల్లి చేత సంతకం పెట్టించి గర్భసంచి, అండాశయాలు తొలగించారు. ప్రాణాపాయం లేనప్పుడు, స్పృహ వచ్చేదాకా ఆగి మేజరైన ఆమెనే అడగాలి కాబట్టి తల్లి సంతకం చెల్లదని కోర్టు తేల్చింది. ఏం చేస్తారు, వేరే దారి ఉందా, ప్రమాదం ఎంత, చేయించుకోకపోతే ఏమవుతుంది అనేవి రోగికి ముందే తెలియాలంది. ప్రాణం మీదికొచ్చి, రోగికి స్పృహ లేనప్పుడు మాత్రం కాగితం కోసం చికిత్స ఆపకూడదు.

భర్త సంతకం సంగతీ ఇక్కడే చెప్పాలి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు గానీ, పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీ గర్భస్రావానికి గానీ చట్టం భర్త అనుమతి అడగదు. అడిగేది మన అలవాటు.

ఇక సాధన. "అర్థమైందా?" అన్న ప్రశ్నను ఈ వారం పూర్తిగా మానేయండి. తెల్లకోటు ముందు ఎవరైనా "అయింది మేడం" అనే అంటారు. దానికి బదులు ఇలా అడగండి: "అమ్మా, నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి. రేపు మీకు ఏం చేస్తారో మీ చెల్లెలికి ఫోనులో ఎలా చెబుతారు?" పరీక్ష మనకు, ఆమెకు కాదు. ఆమె "కడుపులో గడ్డ తీస్తారట" అని, తీసేది గర్భసంచి అయితే మళ్లీ మొదటికి రండి. "చిన్న ఆపరేషన్" అనే మాట వాడకండి, కోత చిన్నదనుకుంటారు. తండా నుంచి వచ్చినవారికి లంబాడీ మాట్లాడే సహోద్యోగిని పిలవండి. నానమ్మ గర్భసంచి గురించి పదేళ్ల మనవడి చేత చెప్పించడం ఇద్దరికీ అవమానమే.

ఆపరేషన్‌లోని ప్రమాదాలను వివరించాల్సింది డాక్టరు. మీరు సాక్షి సంతకం పెట్టేది ఆ మాటలు రోగికి చేరాకే. చేరలేదని తెలిస్తే? "సార్, ఆమెకు ఇంకా తెలియలేదు, ఒకసారి వచ్చి చెప్పండి." ఈ వాక్యాన్ని ఇంట్లో అద్దం ముందు పది సార్లు పైకి అనండి. నవ్వకండి, ఈ పాఠంలో కష్టమైన భాగం ఇదే. థియేటర్ సిద్ధంగా ఉండి అందరూ తొందరపెడుతున్నప్పుడు సాధన లేని గొంతు పెగలదు. మొదటిసారి నాకూ పెగల్లేదు.

ఈ వారం డ్యూటీలో ముగ్గురు రోగులను అలా అడిగి, వారన్నది వారి మాటల్లోనే రాసుకోండి, పేర్లు వద్దు. వచ్చే పాఠం కేస్ షీట్ నకలు గురించి: రోగి అడిగిన 72 గంటల్లోగా ఇవ్వాలన్న నిబంధన ఉండగా "రికార్డు రూములో అడగండి" అని ఎందుకు పంపించేస్తున్నామో చూద్దాం.