మచ్చ మీద అనుమానమా? చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు

ఒంగోలు వెళ్లినా, నెల్లూరు వెళ్లినా డాక్టరు గారు మనతో మాట్లాడేది కొద్ది నిమిషాలే. అందుకే ఇంట్లోనే సిద్ధం కండి.

• ముందు అరికాళ్లు చూసుకోండి. మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్ మన రంగు వాళ్లకి ఎక్కువగా ఎండ తగలని చోటే వస్తుంది: అరికాలు, అరచెయ్యి, గోరు కింద. రొయ్యల గుంటల్లో పనిచేసే మా మామయ్య అరికాలి నల్లమచ్చను ఆనెకాయ అనుకుని ఏడాదిపాటు బ్లేడుతో చెక్కుకున్నాడు. ఇప్పటికీ తలచుకుంటే బాధేస్తుంది. దయచేసి మీరు చెక్కకండి. సున్నం, ఆకుపసరు కూడా పెట్టొద్దు, మచ్చ అసలు రూపం తెలియకుండా పోతుంది.

• గోళ్లకు గోరింటాకు, నెయిల్ పాలిష్ వద్దు.

• మచ్చ పక్కన రూపాయి బిళ్ల పెట్టి పగటి వెలుతురులో ఫొటో తీయండి. ఎప్పటినుంచి ఉంది, పెరిగిందా, రంగు మారిందా, రక్తం వచ్చిందా, కాగితం మీద రాసుకోండి. నొప్పి లేదు కదా అని ఊరుకోకండి.

• వాడే మందులన్నీ తీసుకెళ్లండి. రక్తం పల్చబడే మాత్రలుంటే తప్పక చెప్పండి, సొంతంగా మానకండి.

• చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలంటే టెన్షన్ పడొద్దు. కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందని మా వైపు చాలామంది అంటారు, అది నిజం కాదు. రిపోర్టు ఎన్ని రోజులకొస్తుందో కనుక్కోండి. "ఇది క్యాన్సర్ కావచ్చా డాక్టరు గారూ?" అని మొహమాటం లేకుండా అడగండి.